బెజ్జాల్లో నడిచిన రైలు

“నేనే బద్దలు కొట్టాను. రాసుకోండి.”

లాకప్ ఊచల వెనకనుంచి హారన్ బాబాయి ఈ ముక్క అనడం ఎన్నోసారో స్టేషన్లో ఎవరికీ గుర్తులేదు. గుసగుసలాడినా నాలుగు వీధులకి వినిపించే గొంతు ఆయనది. ఆయన నడిపిన బస్సుల్లో హారన్ పాడైతే ఎవరూ బాగుచేయించేవారు కాదు. కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్కసారి దగ్గితే చాలు, ఎదురొచ్చే లారీలు తమ పాపాలన్నీ గుర్తుకొచ్చినట్టు పక్కకి తప్పుకునేవి. ఆ గొంతుతో నేరం ఒప్పుకుంటుంటే రాస్తున్న కానిస్టేబులు చెవిలో దూది పెట్టుకుని రాయాల్సి వచ్చింది.

ఊచలకి ఇవతల స్టూలు మీద చెకింగక్క కూర్చుంది. ఒకప్పుడు సిటీ బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసేది. టిక్కెట్టు కొననివాడు బస్సెక్కకముందే ఆమెకి తెలిసిపోతుందనీ, కొందరు ఆమెను చూసి ఇంట్లోంచి బయల్దేరడమే మానేశారనీ డిపోలో చెప్పుకునేవారు. ఒకరోజు డిపో మేనేజరు టిక్కెట్టు లేకుండా దొరికాడు. ఆయనకి ఫైను పడింది, ఈమె ఉద్యోగం ఊడింది. అప్పట్నుంచి టైలరు షాపు పైగదిలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. పనేం మారలేదు. అప్పుడూ ఇప్పుడూ ఎదుటివాణ్ణి అడిగేది ఒకటే: ఏదీ, చూపించు.

“దేంతో కొట్టావు బాబాయ్?”

“చేత్తో.”

“పోలీసులు రాడ్డు దొరికిందంటున్నారే?”

“అయితే రాడ్డుతో.”

“ఏ రాడ్డు?”

“వాళ్ళకి దొరికిందే.”

“హాలుకి తాళం ఉందిగా. లోపలికి ఎలా వెళ్ళావు?”

బాబాయి కాసేపు ఆలోచించాడు. “కోపంగా వెళ్ళాను.”

చెకింగక్క జీవితంలో చాలామంది అబద్ధాలకోరుల్ని చూసింది. ఇంత చేతగానివాణ్ణి మాత్రం చూళ్ళేదు. పైగా ప్రతి జవాబుకి ముందూ ఆయన కళ్ళు ఒకసారి పక్కకి పోయొస్తున్నాయి. పక్కన నిలబడింది ఆయన కోడలు. గాల్లో రైలు ప్రాజెక్టు ఆఫీసులో డ్రాయింగులు గీసే ఉద్యోగం ఆమెది. పొద్దున్నే ఏజెన్సీ మెట్లెక్కి వచ్చి, “మా మామయ్య చెయ్యని తప్పు ఒప్పుకుంటున్నాడక్కా, విడిపించు,” అన్నది కూడా ఆమే. ఎందుకు ఒప్పుకుంటున్నాడని అడిగితే మాత్రం కొంగు చివర దారాలు పీకుతూ కూర్చుంది.

గొడవంతా ఒక బొమ్మ గురించి. ఊరి నెత్తిమీద స్తంభాలు పాతి రైలు నడుపుతామని పెద్దలు తీర్మానించారు. ఆ రైలు ఎలా ఉంటుందో చూపించడానికి చెక్కతో, అట్టతో ఊరంత ఊరినీ బల్లమీద కట్టించి టౌన్‌హాల్లో పెట్టారు. కావాలో వద్దో చెప్పడానికి ఈరోజు సాయంత్రం నాలుగింటికి జనాన్ని పిలిచారు. నిన్న మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరో ఆ బొమ్మని తుక్కుతుక్కు చేశారు. బస్సులవాళ్ళ తరఫున రైలుకి అడ్డం పడుతున్నది హారన్ బాబాయి. పైగా టీకొట్టు దగ్గర “ఆ బొమ్మని నా బస్సు కింద పెడతా” అని నోరుజారిన మనిషి. ఆయన నోరుజారితే సాక్షులకి కొరతేముంది, సగం ఊరు వింది. నిన్న రాత్రి పొద్దుపోయాక ఆయన లాకప్‌లోకి వెళ్ళాడు. భద్రత లేదని సభ రద్దయింది. ఇక రాత్రికి కమిటీవాళ్ళు కూర్చుని, ఎవర్నీ అడక్కుండానే సంతకాలు పెట్టేస్తారు.

“అయిందా మరదలా, నీ విచారణ?” అంటూ ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. చెకింగక్కకి అక్క మొగుడు. ఇద్దరూ ఒక కేసులో తలపడితే ఆ నెలంతా ఇంట్లో అక్క ఇద్దరికీ విడివిడిగా అన్నం పెడుతుంది.

“అవలేదు బావా. నీ రాడ్డు చూపించు.”

బల్లమీద న్యూస్‌పేపరు పరిచి, దాని మీద రాడ్డు పెట్టి ఉంది. హాల్లో దొరికిన, బస్సు జాకీ తిప్పే రాడ్డు. చెకింగక్క దాన్ని ముట్టుకోకుండా వంగి చూసింది. కొత్తది. తుప్పు పట్టకుండా కొట్టువాళ్ళు పూసిన నల్ల గ్రీజు ఇంకా దట్టంగా ఉంది. కింద పేపర్లో మంత్రిగారి ఫొటో సగం నల్లబడింది.

“సిటీ బస్సులో జాకీ రాడ్డా?” అంది. “నేను పనిచేసిన రోజుల్లో టైరు పంక్చరైతే ప్రయాణికులు దిగి బస్సునెత్తి పట్టుకునేవాళ్ళు. జాకీ ఉన్న బస్సుంటే దానికి ఊరేగింపు చెయ్యాలి.”

“కొత్తది కొని ఉంటాడు. ఒప్పుకున్నాడుగా?”

“నువ్వు ఇంకో గంట కూర్చోబెడితే ఆ రైలు కనిపెట్టింది కూడా తనేనని ఒప్పుకుంటాడు. హాలు చూడాలి.”

“చెత్త ఎత్తడానికి లారీ వస్తోంది.”

“అందుకే ఇప్పుడే చూడాలి. రా, జీపు తియ్యి.”

దారిపొడుగునా బావ రైలుని వెనకేసుకొచ్చాడు. ఆయన బాధ ఆయనది. “నువ్వు బస్సుల మనిషివి, నీకు తెలీదు. మొన్న నా సిగ్నల్ దగ్గర ఆగిన బస్సులో ఇద్దరు పరిచయమయ్యారు, ప్రేమించుకున్నారు, పోట్లాడుకున్నారు, విడిపోయారు. బస్సు ఇంకా సిగ్నల్ దాటలేదు. రైలు రావాల్సిందే.”

“వద్దని నేనన్నానా?”

“మీ బాబాయి అంటున్నాడుగా.”

“దానికయ్యే ఖర్చుతో మనిషికో బస్సు కొని, ఆ బస్సు డ్రైవరు ఇంటికెళ్ళడానికి ఇంకో బస్సు కొనొచ్చని ఆయన లెక్క. తప్పో ఒప్పో నాలుగింటికి చెప్పుకోనివ్వండి. నువ్వూ వచ్చి నీ ప్రేమకథ చెప్పు. జనం తేలుస్తారు. అడక్కుండా వచ్చి నెత్తిన కూర్చునేదాన్ని రైలనరు బావా, చుట్టమంటారు.”

బావ గేరు మార్చాడు. వెనక సీట్లో కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.

టౌన్‌హాలు గేటుకి ‘సభ రద్దు’ అని అట్ట వేలాడుతోంది. దాని ముందు డ్రైవర్లు, కండక్టర్లు, బజారు ఆడవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడి ఉన్నారు. అట్ట చదివారు. చదివాక కూడా పోలేదు.

హాల్లో వీళ్ళకి ఇద్దరు కనిపించారు. ఒకాయన ప్రాజెక్టు ప్రచారం చూసే అధికారి. ఆఫీసులో అందరూ ఇస్త్రీ సారంటారు. ఆయన చొక్కా మడతలతో పెన్సిళ్ళు చెక్కుకోవచ్చు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని, నవ్వుతూ ఎదురొచ్చాడు. రెండో మనిషి బొమ్మ కట్టిన అమ్మాయి. విరిగిన ఊరి మధ్య స్టూలు మీద కూర్చుని, వేలెడంత చెట్టొకటి చేతిలో పట్టుకుని, దాన్ని చంపినవాడు దొరికితే ఏం చెయ్యాలో ఆలోచిస్తున్నట్టుంది.

“మేడమ్, చూడ్డానికేముంది?” అన్నాడు ఇస్త్రీ సారు. “రాడ్డుతో మోదాడు. అంతే. లారీ వచ్చేసింది.”

“రెండు నిమిషాలు సార్.”

బల్ల పెద్దది. చుట్టూ నేలదాకా నీలం గుడ్డ వేలాడుతోంది. పైన అట్ట ఇళ్ళు, ఆకుపచ్చ రంపపుపొట్టు గడ్డి, గోరంత మనుషులు, రైలు పెట్టెలు, అన్నీ కలగాపులగంగా పడున్నాయి. చెక్కమీద రంగులతో వేసిన వీధులు మాత్రం చెక్కుచెదరలేదు. గోడకి రైలు దారి పెద్ద పోస్టరుగా వేసుంది. పెద్ద రోడ్డు మీదుగా గీత గీసినట్టు తిన్నగా పోతోంది. కింద ఎర్రక్షరాలు: ‘ఒక్క బస్సూ ఆగదు. ఒక్క ఇల్లూ కదలదు.’

చెకింగక్క ముక్కలు ఒక్కోటీ తిరగేసింది. అన్నీ పాలలో కడిగినట్టు తెల్లగా ఉన్నాయి.

“బావా, నీ రాడ్డు మంత్రిగారి మొహాన్నే నల్లగా చేసింది. ఇన్ని తెల్లటి అట్టముక్కల్లో ఒక్కదానికి గ్రీజు మరక చూపించు.”

బావ వంగాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. తర్వాత ఇస్త్రీ సారు వంక చూశాడు.

“తుడుచుకుని కొట్టుంటాడు,” అన్నాడు ఇస్త్రీ సారు.

“కొట్టాక మళ్ళీ గ్రీజు పూసి పెట్టాడా సార్? పద్ధతైన రౌడీ.” ఆమె చెత్తలోంచి తెల్లటి స్తంభమొకటి తీసింది. చిటికెనవేలంత. కింద సన్నటి ములుకుంది. ఇంకోటి తీసింది. ఇంకోటి. “ఇళ్ళు నలిగాయి, చెట్లు విరిగాయి. స్తంభాలు మాత్రం ఒక్కటీ విరగలేదే? కోపంతో కొడితే మొదలు లోపలుండిపోయి పైన విరగాలి. ఇవి ముల్లంగిదుంపల్లా పీకినట్టున్నాయి.”

బొమ్మలమ్మాయి మొదటిసారి తలెత్తింది. “పీకారు. నిన్న పొద్దున్నే నాటాను వాటిని. జిగురు ఆరడానికి రోజు పడుతుంది, ముట్టుకోవద్దని బోర్డు కూడా పెట్టాను. ఈ ఊళ్ళో ముట్టుకోవద్దంటే నాకమని అర్థం.”

“ఆ జిగురు చేతికంటితే?”

“చర్మంతో సహా రావాల్సిందే. వారం రోజులు వేళ్ళు కాలినట్టుంటాయి.”

బస్సులో టిక్కెట్టు లేనివాడు చెకింగు మనిషిని చూడగానే ముందు చేసే పని చేతులు జేబులో పెట్టుకోవడం. వెతుకుతున్నట్టు నటించడానికి. చెకింగక్క తిన్నగా ఇస్త్రీ సారు ముందుకొచ్చి చెయ్యి చాపింది.

“పరిచయం చేసుకోవడం మరిచిపోయాను సార్. నమస్తే.”

ఆయన తల ఊపాడు. చేతులు రాలేదు.

“సార్, టిక్కెట్టు,” అంది ఆమె.

ఏ కాలేజీ రోజుల అలవాటో ఏమో, ఆ గొంతుకి ఆయన కుడిచెయ్యి దానంతటదే జేబులోంచి బయటికొచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ కొసలు ఎర్రగా తోలు లేచి, గాజులా మెరుస్తున్నాయి. చూడకూడనిది అందరూ చూశారని తెలిసేసరికి ఆయన ఆ చేతినేం చెయ్యాలో తోచక తల దువ్వుకున్నాడు.

“వంటింట్లో కాలింది,” అన్నాడు.

“అడగలేదు సార్,” అంది చెకింగక్క.

బావ గొంతు సవరించుకున్నాడు. “సొంత బొమ్మని ఆయనెందుకు పీక్కుంటాడు? బుర్రున్నవాడెవడైనా...”

“అదే నాకూ అర్థం కావట్లేదు.” ఆమె బొమ్మలమ్మాయి వైపు తిరిగింది. “స్తంభాలు ఎలా నిలబెడతావమ్మా నువ్వు? పైన అతికిస్తావా?”

“అతికిస్తే వారానికి వంగిపోతాయి. ముందు చెక్కకి పైనుంచి కిందిదాకా ఆరపార బెజ్జాలు వేస్తాను. ఆ తర్వాతే రోడ్లు, ఇళ్ళు. స్తంభం ములుకు బెజ్జంలో దిగాలి. అప్పుడు నువ్వెక్కి నిలబడ్డా కదలదు.”

“ఆరపార?”

“ఆరపార.”

గడ్డిపొట్టు కింద బెజ్జాలు కనబడట్లేదు. చెకింగక్క చీపురు తీసుకుని చెక్కంతా ఊడ్చింది, వెళ్ళి కిటికీ తెరలన్నీ లాగేసింది. హాలు చీకటైంది.

“బావా, నీ ఫోన్లో టార్చి వెలిగించి బల్లకిందికి దూరు.”

“నేనా? యూనిఫాంలో? ఈ వయసులో?”

“మొన్న ఆదివారం డ్యూటీ అని చెప్పి నువ్వు క్రికెట్ మ్యాచ్‌లో కూర్చున్న సంగతి అక్కకి ఇంకా తెలీదు.”

బావ నీలం గుడ్డ ఎత్తి బల్లకిందికి దూరాడు. లోపల్నుంచి తల తగిలిన చప్పుడు, ఆ తర్వాత అత్తగారింటిని గురించి ఒక మాట వినిపించాయి.

“రైలు ఎక్కడ మొదలవుతుందో అక్కణ్ణుంచి, టార్చి పైకిపెట్టి మెల్లగా పాకు.”

చీకట్లో చెక్కమీద ఒక చుక్క వెలిగింది. పక్కన ఇంకోటి. మొదటిది ఆరింది, మూడోది వెలిగింది. బావ కింద పాకుతుంటే పైన వెలుగుచుక్కలు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తాయి. కట్టకముందే ఆ రైలు మొదటిసారి నడిచింది. దాని ఇంజను బల్లకింద ఆయాసపడుతోంది.

పెద్ద రోడ్డు మీద తిన్నగా పోతున్న వెలుగు, సగం దూరంలో ఆగింది.

“ఇక్కడ బెజ్జాలైపోయాయి,” అన్నాడు బావ కిందనుంచి.

“ఎడమకి చూడు.”

వెలుగు ఎడమకి తిరిగింది. పోస్టరుమీద లేని మలుపు అది. బజారు వీధి నడిమధ్యగా దూరి, చెక్కమీద పసుపురంగు వేసిన పెద్ద చదరం దగ్గరికొచ్చింది. అక్కడ ఒకటీ రెండూ కాదు, కందిరీగల పట్టులా బెజ్జాలు. అన్నీ ఒక్కసారే వెలిగాయి. ఆ పసుపు చదరం బస్సు డిపో.

కోడలు గోడకానుకుని రెండు చేతులూ కట్టుకుంది.

“స్టేషను డిపోమీద, దారి బజారుమీద,” అంది చెకింగక్క. “పోస్టరుమీద ఒక రైలు, బల్లమీద ఇంకో రైలు. సభకి వచ్చినవాళ్ళు బొమ్మ చూస్తే బండారం బయటపడుతుంది. సభ జరక్కూడదు, బొమ్మ మిగలకూడదు. అందుకే స్తంభాలు పీకి, ఇళ్ళు నలిపి, కొత్త రాడ్డు కొని పడేశారు. పాపం, చెక్కకి బెజ్జాలుంటాయని తెలీదు.”

“చెదలు పట్టిన చెక్క అది,” అన్నాడు ఇస్త్రీ సారు. గొంతుకి మాత్రం ఇస్త్రీ పోయింది.

“నా చెక్కకి చెదలా?” బొమ్మలమ్మాయి చెట్టు కింద పెట్టి లేచింది.

“కూర్చో అమ్మా. ఇంత సమానమైన దూరంలో తినే చెదలుంటే సార్ వాటికే కాంట్రాక్టు ఇస్తారు.” చెకింగక్క వెళ్ళి హాలు తలుపు గడియ తీసి, గేటువైపు చెయ్యి ఊపింది. “రండి. నాలుగైంది.”

జనం తోసుకోకుండా వచ్చారు. చీకట్లో బల్ల చుట్టూ మూగారు. బావ కింద మళ్ళీ మొదటినుంచి పాకాడు, వెలుగు మళ్ళీ నడిచింది. మలుపు దగ్గర ఒక కండక్టరు “ఓరి వీళ్ళ...” అని మొదలుపెట్టి, పక్కన పిల్లలున్నారని మింగేశాడు. బజారు ముసలమ్మ ఒకామె తన కొట్టుమీద వెలిగిన చుక్కని వేలితో మూసింది. వేలు తీసింది. చుక్క అక్కడే ఉంది.

ఇస్త్రీ సారు గొంతు పెంచాడు. “వినండి. ఇది ప్రాజెక్టు రహస్య పత్రం. ఈ అమ్మాయికి ఇవ్వమన్న డ్రాయింగు వేరు. ఆఫీసులోంచి ఎవరో అసలుది దొంగిలించి ఇచ్చారు. జైలుకెళ్ళాల్సింది వాళ్ళు. చెప్పమ్మా, నీకెవరిచ్చారు?”

బొమ్మలమ్మాయి మూతి బిగించింది. “నాకు ఏ డ్రాయింగొస్తే అది కడతాను. తెచ్చినవాళ్ళ మొహాలు చూడను.”

“నువ్వు చెప్పకపోతే నీ లైసెన్సు...”

“నేనిచ్చాను సార్.”

హారన్ బాబాయి కోడలు గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చింది. గొంతు చిన్నదే. హాలంతా వినిపించింది.

“ఆ మలుపు గీసింది నేను. అది దాచమని మీరు చెప్పాక, గోడమీద తిన్నటి గీత గీసిందీ నేనే. ఒకే చేత్తో రెండూ గీశాను. మా మామయ్య ఆ డిపోలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. నిన్న రాత్రి భోజనాల దగ్గర నా మొహం చూసి అడిగాడు, చెప్పేశాను. బొమ్మ గురించి ఆరా తీస్తే నా పేరు బయటికొస్తుందని, నేరం తనమీద వేసుకుని ఆయన లోపల కూర్చున్నాడు. ఇంక చాలు. ఆయన్ని వదిలెయ్యండి.”

చెకింగక్క ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. మామ నోరెత్తి కోడల్ని దాచాడు, కోడలు నోరెత్తి మామని బయటికి తీస్తోంది. విడిపించమని వచ్చిన మనిషే తనంతట తాను వచ్చి ఇరుక్కుంది.

“ఇన్‌స్పెక్టర్!” ఇస్త్రీ సారు మొహం వెలిగింది. “విన్నారుగా. అందరి ముందూ ఒప్పుకుంది. అరెస్టు చెయ్యండి.”

గుడ్డ కిందనుంచి ముందు టోపీ, తర్వాత బావ బయటికొచ్చారు. మోకాళ్ళు దులుపుకున్నాడు. ముందు ఫోను తీసి స్టేషనుకి కలిపాడు. “ఆ హారన్ పెద్దమనిషిని వదిలెయ్... అవును, ఒప్పుకున్నది అబద్ధం... తాళం తియ్యి ముందు.” ఫోను పెట్టేసి కోడలివైపు చూశాడు. “ఒప్పుకున్నావు కాబట్టి నిన్ను తీసుకెళ్ళాలమ్మా.”

ఆమె చేతులు ముందుకి చాపింది. జనంలో గుసగుస లేచింది.

“ఆగు బావా.” చెకింగక్క అడ్డం నిలబడింది. “దొంగతనమంటే కంప్లైంటు ఉండాలి. సార్ రాసిస్తారు. రాయండి సార్, పెన్ను కావాలా? ఏం పోయిందో కూడా రాయాలి. ‘మా అసలు డ్రాయింగు పోయింది, బల్లమీద కట్టింది అదే, గోడమీద జనానికి చూపించింది ఉత్తుత్తిది’ అని రాసి, కింద సంతకం పెట్టండి. లేదంటారా, గోడమీదదే అసలుది అనండి. అప్పుడు ఈ అమ్మాయి ఇచ్చింది చిత్తుకాగితం. చిత్తుకాగితం ఇచ్చినందుకు అరెస్టు చెయ్యాలంటే ముందు మా ఇంటి చీపురుని చెయ్యాలి.”

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు హాలంతా తిరిగొచ్చింది. ఇస్త్రీ సారు పెన్ను అందుకోలేదు. పక్కకి వెళ్ళి ఫోన్లో మెల్లగా ఏదో మాట్లాడి, తిరిగొచ్చి ఆ ఫోను బావ చేతికిచ్చాడు.

“మీతోనే మాట్లాడతారట. పైనుంచి.”

బావ అటెన్షన్లో నిలబడి విన్నాడు. “సార్,” అన్నాడు. “సార్.” కాసేపాగి, “అర్థమైంది సార్.” ఫోను తిరిగిచ్చేటప్పుడు ఆయన మొహంలో ఏ రంగూ లేదు.

“ఏమంటారు?” అంది చెకింగక్క.

“ఈ క్షణంనుంచి నన్ను డ్యూటీలోంచి తీసేశారు. ఇంకో ఇన్‌స్పెక్టరు బలగంతో బయల్దేరాడు. హాలు ఖాళీ చేయించి, బల్ల లారీ ఎక్కించి, నిన్నూ ఈ అమ్మాయినీ జీపెక్కిస్తాడట.” బావ గోడమీది తిన్నటి గీతని చూశాడు, బల్లమీది పసుపు చదరాన్ని చూశాడు. “నేను రైలు కావాలన్నవాణ్ణే మరదలా. ఇప్పటికీ కావాలి. కానీ నాకు కూడా ఆ గోడమీది బొమ్మే చూపించారు.”

ఇస్త్రీ సారు తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. “అందరూ బయటికి నడవండి. సభ రద్దయింది.”

కోడలు వెళ్ళి ఆ తలుపు ఆయన చేతుల్లోంచి తీసుకుంది. మెల్లగా మూసింది. లోపల గడియ పెట్టి, దానికి వీపానించి నిలబడింది. డ్రైవర్లు ఇద్దరొచ్చి ఆమెకి చెరోపక్కా నిలబడ్డారు. దూరంగా సైరను మొదలైంది.

బావ టోపీ తీసి డిపో బెజ్జాల పక్కన బల్లమీద పెట్టాడు. నీలం గుడ్డ ఎత్తి మళ్ళీ కిందికి దూరాడు. ఈసారి తల తగల్లేదు.

చీకట్లో మొదటి చుక్క వెలిగింది.

“సభ మొదలైంది,” బల్లకిందనుంచి ఆయన గొంతు వినిపించింది. “అడగాల్సింది అడగండి. నా ఫోన్లో చార్జింగు ఎంతో లేదు.”

బజారు ముసలమ్మ తన చుక్క దగ్గర్నుంచి కదలకుండానే చెయ్యెత్తింది.